పదకొండో నంబరు బొమ్మ

జూలై నెలాఖరు శనివారం వచ్చిందంటే లింగ్‌ఫోర్డ్ ఊళ్లో మనుషుల కంటే గడ్డిబొమ్మలే ఎక్కువ కనిపిస్తాయి. ఇంటింటి ముందూ ఒకటి. పెళ్లికూతురు బొమ్మ, పోలీసు బొమ్మ, చర్చి గోడెక్కి జారిపడబోతున్న దొంగ బొమ్మ. ఇంగ్లండులోని మా ష్రాప్‌షైర్ జిల్లా నలుమూలల నుంచీ జనం వచ్చి, కార్లు పచ్చికబయల్లో నిలబెట్టి, చేతిలో పటం పట్టుకుని వీధులన్నీ తిరుగుతారు. నచ్చిన బొమ్మ ముందున్న గాజుసీసాలో ఒక గుండీ వేస్తారు. ఎక్కువ గుండీలు పడ్డ ఇంటికి మొదటి బహుమతిగా నీలం రిబ్బను. ఆ రిబ్బను కోసం ఊరి పెద్దమనుషులు వారాల తరబడి ఒకరి తోటలోకి ఒకరు తొంగిచూస్తుంటారు. అడిగితే మాత్రం, అబ్బే, ఇదంతా సరదాకే అంటారు.

డెస్మండ్ ప్రిచర్డ్ ఆ పండుగ కమిటీకి పెద్ద. నిరుడు ఎవరో మహానుభావుడు పెళ్లికొడుకు బొమ్మకు షేక్‌హ్యాండ్ ఇవ్వబోయి చెయ్యి కాస్తా ఊడబెరికాడు. అప్పటి నుంచి ప్రతి బొమ్మ పక్కనా 'దయచేసి ముట్టుకోవద్దు' అని బోర్డు ఉండాల్సిందేనని డెస్మండ్ పట్టుబట్టాడు. అన్ని బోర్డులూ తనే కూర్చుని రాశాడు. మా వైపు జనం బోర్డు మీద రాసి ఉంటే తు.చ. తప్పరు. గడ్డి మీద నడవొద్దని రాసి ఉంటే, ఆ గడ్డిలో ఇల్లు తగలబడుతున్నా చుట్టూ తిరిగే వెళ్తారు.

ఈసారి అతని బొమ్మ, తోటపని చేసి అలిసిపోయి బెంచీ మీద కునుకు తీస్తున్న ముసలాయన. బొమ్మకని పక్కన పెట్టిన పాత కోటు, గడ్డి టోపీ పొద్దున్నే తనే వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. చేతుల్లోంచి గడ్డి ఎంత బయటికొస్తే అందంగా ఉంటుందో చూద్దామని కోటు చేతుల్లో, మెడ చుట్టూ గుప్పెడు గుప్పెడు కుక్కుకున్నాడు కూడా. బొమ్మ తలకాయ ఇంకా వంటింటి బల్ల మీదే ఉంది. పదకొండో నంబరు పలక, గుండీల సీసా, బోర్డు అన్నీ ముందే సర్దేశాడు. డెస్మండ్ అంటే అంతే, ఏ పనికైనా ముందుచూపు ఎక్కువ.

లేద్దామనుకున్నాడు. కుడికాలు లేవలేదు. కుడిచెయ్యి తనది కానట్టు ఒళ్లో పడింది. పెదవి ఒక పక్కకు జారింది. 'ఎవరైనా రండి' అని అరవబోతే గొంతులోంచి గాలి తప్ప ఏమీ రాలేదు. తల వాలిపోయి టోపీ ముక్కు దాకా దిగింది.

అది పక్షవాతమని అతనికి అప్పుడే తెలిసిపోయింది. తండ్రి అలాగే పోయాడు. ఆలస్యమైనకొద్దీ పోయిన చెయ్యి తిరిగి రాదని, మాట తిరిగి రాదని ఆస్పత్రిలో డాక్టరు చెప్పిన మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది. సరేలే, ఇవాళ ఊరంతా జనమే కదా, ఎవరో ఒకరు చూడకపోతారా అని తనకు తానే ధైర్యం చెప్పుకున్నాడు.

చూశారు. చూడకేం, గుంపులు గుంపులుగా వచ్చి చూశారు.

"అబ్బ, ఎంత బాగా చేశారండీ! చేతి మీద ముడతలు చూడండి!" అంది ఒకావిడ.

"మూతి వంకరపోయిందే," అన్నాడు ఆవిడ మొగుడు.

"మీ మూతికేం తీసిపోలేదు. నిద్రపోతే మీరూ ఇలాగే ఉంటారు. నా గుండీ దీనికే."

సీసాలో టిక్కుమని చప్పుడైంది. డెస్మండ్‌కు ఏడుపొచ్చింది. అమ్మా, కాస్త ముందుకొచ్చి ఈ టోపీ ఎత్తి చూడు తల్లీ అని లోపల్లోపల మొరపెట్టుకున్నాడు. ఆవిడ ముందుకు రానే వచ్చింది. బోర్డు చదివి, చెయ్యి వెనక్కి తీసుకుని, పక్కింటి వైపు నడిచింది.

వంటింట్లో ఫోను మోగింది. కమిటీ వాళ్లే అయ్యుంటారు. చాలాసేపు మోగి ఆగిపోయింది. డెస్మండ్ ఏ టీ డేరాలోనో ఎవరి మీదో కేకలేస్తుంటాడని వాళ్లు అనుకుని ఉంటారు. అలా అనుకోవడంలో వాళ్ల తప్పేమీ లేదు, ఏటా అతను చేసే పని అదే.

ఎడమ పక్క కూడా మొద్దుబారిపోయినా, ఆ చేతి చూపుడువేలు ఒక్కటి ఇంకా మాట వింటోందని కాసేపటికి తెలిసింది. ఉన్న బలమంతా అందులోకి తెచ్చుకుని కాచుకు కూర్చున్నాడు. కాలేజీ కుర్రకారు ఒక జట్టు ఐస్‌క్రీములు నాకుతూ వచ్చింది. వేలు కదిపాడు. పైకి, కిందికి, మళ్లీ పైకి.

"ఒరేయ్, కదులుతోందిరా!"

డెస్మండ్ వేలు ఇంకా గట్టిగా ఆడించాడు.

"లోపల మోటారు పెట్టాడ్రా ముసలోడు! మామూలోడు కాదు!"

అందరూ నవ్వారు. ఫోన్లు తీసి ఆ వేలుకు వీడియో తీశారు. అతను గొంతు చించుకుంటే 'హూ' అని మూలుగు మాత్రం వచ్చింది. "సౌండు కూడా ఉందిరోయ్!" అని చప్పట్లు కొట్టి, తలా ఒక గుండీ వేసి వెళ్లారు. ఆ తర్వాత వేలు కదపడానికి అతనికి మనసొప్పలేదు.

మధ్యాహ్నం దాటాక ఏవ్రిల్ బెడోస్ వచ్చింది. వాళ్లిద్దరి ఇళ్లకూ మధ్య ఒక్క కంచే అడ్డు. డెస్మండ్ భార్య గ్లెనిస్‌కు ప్రాణస్నేహితురాలు. గ్లెనిస్ చనిపోయిన ఏడాదే, ఆడవాళ్లిద్దరూ అంతకుముందెప్పుడో కలిసి కంచె పక్కన నాటుకున్న ఊదారంగు పూల లైలాక్ చెట్టును డెస్మండ్ ఎవరితోనూ చెప్పకుండా మొదలంటా నరికేశాడు. ఆ రోజు నుంచి ఏవ్రిల్ అతనితో మాట్లాడలేదు. అతనూ మాట్లాడలేదు. ఎదురుపడితే ఇద్దరూ ఆకాశం వైపు చూసేవాళ్లు.

ఆమె బెంచీ ముందు నిలబడి, రోడ్డు అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"అచ్చం నీలాగే చేసుకున్నావు డెస్మండ్. ఉలుకూ లేదు పలుకూ లేదు. నయం, వీడు నన్ను చూసి లోపలికి పారిపోకుండా కూర్చున్నాడు." ముక్కు చీది మళ్లీ అందుకుంది. "ఎందుకు కొట్టేశావయ్యా ఆ చెట్టుని? నీకేం అడ్డమొచ్చింది? నాకు గ్లెనిస్ గుర్తుగా మిగిలింది అదొక్కటే. ఒక్కమాట అడిగుంటే నేనే తవ్వి తీసుకుపోయేదాన్ని కదా, మొండి ముండాకొడకా!"

ఆ పూల వాసన కిటికీలోంచి వచ్చినప్పుడల్లా గ్లెనిస్ పక్కగదిలో ఉన్నట్టే ఉండేది. అతను లేచి వెళ్లి చూసేవాడు. రోజూ వెళ్లి చూసేవాడు. తట్టుకోలేక నరికాడు. ఈ నాలుగు ముక్కలు చెప్పడానికి నోరున్న రోజుల్లో నోరు రాలేదు. ఇప్పుడు చెబుదామంటే నోరే లేదు. వేలు కదిపాడు. ఏవ్రిల్ అప్పటికే కళ్లు తుడుచుకుంటూ వెనక్కి తిరిగింది. వెళ్తూ వెళ్తూ జేబులోంచి తన గుండీ తీసి సీసాలో వేసింది.

సాయంత్రానికి మబ్బు పట్టి, మా పండుగల్లో ఎప్పుడూ జరిగేదే జరిగింది. వాన దంచి కొట్టింది. జనం గొడుగులు విప్పారు. ఇళ్లవాళ్లు చెత్తసంచులు పట్టుకుని తమ తమ బొమ్మల్ని కాపాడుకోవడానికి పరుగెత్తారు. డెస్మండ్ టోపీ మీంచి నీళ్లు కారి కోటులోకి దిగుతున్నాయి. ఒళ్లంతా చలి.

"ఇంత కష్టపడి చేసుకుని ఎక్కడ చచ్చాడీ మనిషి?" అంటూ ఏవ్రిల్ పరుగున వచ్చింది. చేతిలో పెద్ద నల్లసంచి. "తడిసి ముద్దయిపోతున్నావు పాపం," అని బొమ్మతో అంటూనే, ముట్టుకోకుండా జాగ్రత్తగా, సంచి నోరు వెడల్పుగా తెరిచి టోపీ మీంచి నడుం దాకా దించేసింది.

అంతా చీకటి. ఇంతకాలానికి ఆమె తన మీద చూపిన దయ ఇది. సంచి తడిసి మొహానికి అంటుకుంది. పీలిస్తే నోట్లోకి వస్తోంది, వదిలితే పోతోంది. ఆమె అడుగులు గేటు దాకా వెళ్లడం వినిపించింది. దేవుడా, ఇలాగా పోవడం, అనుకున్నాడు. బతకాలని అంత గట్టిగా ఎన్నడూ అనిపించలేదు అతనికి. పీల్చాడు, వదిలాడు, పీల్చాడు.

గాలికి సంచి ఎగిరిపోతుందేమోనని తాడు కట్టడానికి ఏవ్రిల్ వెనక్కి వచ్చింది. ముడి వేయబోతూ ఆగింది. మూతి దగ్గర ప్లాస్టిక్ లోపలికి గుంటపడుతోంది, బయటికి ఉబ్బుతోంది. మళ్లీ గుంటపడుతోంది.

ఆమె సంచిని రెండు చేతులా చింపేసింది. టోపీ విసిరికొట్టి అతని చెంప ముట్టుకుంది.

"డెస్మండ్! ఓరి నాయనో! పొద్దుటి నుంచీ నువ్వేనా?" ఆమె రోడ్డు వైపు తిరిగి గొంతు పగిలేలా అరిచింది. "అంబులెన్సు! ఎవరైనా ఫోన్ చెయ్యండి! మనిషండీ, బొమ్మ కాదు, మనిషి!"

గొడుగుల కింద జనం ఆగారు. ఒకరి మొహాలు ఒకరు చూసుకుని మర్యాదగా నవ్వారు. ఇద్దరు ముగ్గురు చప్పట్లు కొట్టారు. ఒక పెద్దాయన గేటు దాకా వచ్చి, "వానలో కూడా ఆపలేదు, భలే నటిస్తున్నారమ్మా," అని సీసాలో గుండీ వేశాడు.

ఏవ్రిల్ ఆ సీసా లాక్కుని గోడకేసి కొట్టింది. గాజుపెంకులూ గుండీలూ వాననీళ్లలో పడి వీధి పొడవునా దొర్లుకుంటూ పోయాయి. అప్పుడు గానీ ఆ పెద్దాయన నవ్వు ఆగలేదు, జేబులో ఫోను కోసం తడుముకోలేదు.

ఆమె బెంచీ మీద కూలబడి అతని ఎడమచెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది. "నేనన్నవన్నీ విన్నావా?" అంది ఏడుస్తూ. "ఏదో ఒకటి మాట్లాడు డెస్మండ్. తిట్టు, ఫర్వాలేదు."

అతని పెదవి కదిలింది. గ్లెనిస్ పేరు అందామనుకున్నాడు. 'హూ' అని వచ్చింది. ఏవ్రిల్ అర్థం కాక, తల ఊపి, అతని చేతిలోని గడ్డి ఒక్కో పరకా ఏరి పారేస్తూ కూర్చుంది.