ఆఖరి సున్నా

పొదల కింద చేయి పెట్టి, నేలను వేళ్లతో తడుముతూ వాలు ఎక్కుతున్నాడు అడవి కావలివాడు. వేటగాళ్లు పన్నే తీగ ఉచ్చు కంటికి కనపడదు, వేలికే తగులుతుంది. ఇరవై తొమ్మిదేళ్ల తడుములాటలో వేలి గీతలు అరిగిపోయి, ఆఫీసులో హాజరు యంత్రం ఆయన్ని గుర్తుపట్టడం మానేసింది.

ఇవాళా ఏమీ తగల్లేదు.

చేరిన కొత్తలో ఒక్కపూటకే ఉచ్చులతో గోనెసంచి నిండేది. మెడకు తీగ బిగుసుకున్న దుప్పి కళ్లు అన్నం ముందు కూర్చున్నా వదిలేవి కావు. "అడవిని కట్టుకున్నవాడివి, మళ్లీ నన్నెందుకు కట్టుకున్నట్టు?" అనేది భార్య, ముళ్లు గీరిన చేతులకు నూనె రాస్తూనే. ఆవిడ పోయి నాలుగేళ్లు. ఆ దెప్పుళ్లను కూడా ఇప్పుడు లాభం కిందే వేసుకుంటాడు.

ఏడాదికేడాది ఉచ్చులు తగ్గాయి. దుప్పులు పట్టపగలే పిల్లలతో వాగులోకి దిగసాగాయి. దొరికిన ఉచ్చులెన్నో రాసే పుస్తకంలో రోజూ సున్నా వేసి మురిసిపోయేవాడు. పైవాళ్లు ఆ సున్నాలను మరోలా చదివారు. ఉచ్చులే లేనిచోట మనిషెందుకన్నారు. ఇవాళ ఆయన రిటైరైపోతే, రేపటినుంచి ఈ కొండకు కావలి లేదు.

నిన్న రేంజరు తలుపు దగ్గరగా వేసి మెల్లగా చెప్పాడు.

"షెడ్డులో పాత తీగలు బోలెడున్నాయిగా బాబాయ్. ఓ పదిహేను పట్టుకురా. ఈ వారం దొరికాయని రాసేద్దాం. నీ చోట్లో ఇంకొకణ్ణి వేస్తారు."

"ఇన్నాళ్లూ రాసింది కూడా ఇలాంటిదేననుకోరూ?"

"నీ నిజం కాపలా కాస్తుందా బాబాయ్?"

బేరం మంచిదే, సరుకే దొంగది. పొద్దున షెడ్డు తాళం తీసి, తీగలు చేతిలోకి తీసుకుని, బరువు చూసి, మళ్లీ అక్కడే పెట్టేశాడు.

శిఖరం మీద నున్నటి బండ ఉంది. రోజూ మధ్యాహ్నం గంటసేపు దానిమీద ఊరికే కూర్చోవడం ఆయన పద్ధతి. ఎదుటి కొండ మీది వేటగాళ్లు ముందు ఆ బండనే చూసుకుంటారు. ఖాకీ కనపడితే ఇటు దిగరు.

అక్కడే పుస్తకం తెరిచి సున్నా వేశాడు. కింద వాగులో దుప్పులు నీళ్లు తాగడం చాలాసేపు చూశాడు. తర్వాత లేచి చొక్కా విప్పాడు. బండ సందులో ఎండుకొమ్మ పాతి, దానికి చొక్కా తొడిగి, లోపల గడ్డి కూరి, గుండీలన్నీ పెట్టాడు. వానలు పడేదాకా ఆగుతుందని అంచనా వేశాడు.

బనియనుతో కొండ దిగిపోయాడు.

బండ మీద ఖాకీ చొక్కా ఎదుటి కొండకేసి తిరిగి ఉంది. మెడ పట్టీ దగ్గర చెమట తడి ఇంకా ఆరలేదు.