రెండో పోటు

సముద్రం రోడ్డెక్కే నెలల్లో మా తరగతి సగం ఖాళీగా ఉంటుంది. జావా ఉత్తర తీరంలోని మా సెమరాంగ్‌కి తూర్పున సాయుంగ్ వైపు నుంచి వచ్చే పిల్లలు మోటారుసైకిళ్ళు ఎక్కడో మెరక మీద వదిలేసి, ప్యాంట్లు పైకి మడుచుకుని, చెప్పులు చేత్తో పట్టుకుని నీళ్ళలో నడిచి రావాలి. కొందరు వస్తారు. కొందరు విసిగిపోయి ఇంట్లోనే ఉండిపోతారు. వీడియో పాఠాలు పెడితే అక్కడి సిగ్నలుకి అవి తెరుచుకోవు. అందుకని మా సముద్రశాస్త్ర విభాగంలో ఈసారి కొన్ని పాఠాలు పాడ్‌కాస్ట్‌లుగా, కేవలం మాటల్లో చేద్దామన్నారు. సమావేశంలో అందరూ టీ తాగుతూ ఊరుకుంటే నేను మాత్రం "బాగానే ఉంటుందేమో" అన్నాను. మొదటిది చేసే పని నాకే వచ్చింది.

రికార్డింగ్ గది చూసుకునే మాస్ తెగర్ నన్ను కూర్చోబెట్టి ముందు ప్రణాళిక వేద్దామన్నాడు. మా దగ్గర పేరుకి ముందు మాస్ అంటే అన్న, బూ అంటే అమ్మగారు, పాక్ అంటే అయ్యగారు అన్నట్టు.

"ఒక భాగానికి ఒకటే సంగతి, బూ వెనింగ్. రెండు పెట్టకండి. ఇంకోటి, ఒక్కరే మాట్లాడితే పిల్లలు నిద్రపోతారు. ఇద్దరు కావాలి. ఒకరు చెప్పాలి, ఒకరు తెలియనట్టు అడగాలి."

"తెలియనట్టు అంటే?"

"పిల్లల తరఫున అన్నమాట. మీకు తెలుసు. కానీ తెలియదు."

అప్పటికది తేలికైన పనిలాగే అనిపించింది. ఆటుపోట్ల పాఠం తీసుకున్నాను. నేను ఏటా చెప్పేదే, కళ్ళు మూసుకున్నా వస్తుంది. చెప్పేవారిగా పాక్ హర్సోయోని అడిగాను. నాకు చదువు చెప్పిన మాస్టారాయన. పదవీ విరమణ చేశాక పెరట్లో మిరపమొక్కలు పెంచుకుంటున్నారు. గొంతు గంభీరంగా ఉంటుంది. ఫోనులో అంతా వివరంగా చెప్పాను. "సరే సరే" అన్నారు. ఏం అర్థమై సరే అన్నారో తర్వాత తెలిసింది.

ఆ రోజు ఇస్త్రీ చేసిన బాతిక్ చొక్కా వేసుకుని వచ్చారు. చూసేవాళ్ళెవరూ ఉండరని నేను చెప్పలేదు. అద్దం అవతల తెగర్ చెయ్యి ఊపగానే నేను మొదలుపెట్టాను.

"పాక్, అసలు సముద్రం ఎందుకు పొంగుతుంది? నాకెప్పుడూ తెలియలేదు."

ఆయన హెడ్‌ఫోన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. గొంతు తగ్గించి, ఎవరైనా వింటారేమో అన్నట్టు అడిగారు.

"వెనింగ్, ఒంట్లో బాగుందా?"

"బాగుంది పాక్."

"ఇది నువ్వు పరీక్షలో రాశావు. బాగా రాశావు కూడా."

"రాశాను. ఇప్పుడు తెలియనట్టు అడుగుతున్నాను. పిల్లల కోసం."

"పిల్లలకి తెలియకపోతే వాళ్ళనే అడగమను. నీకెందుకు ఈ తిప్పలు? రేపు వాళ్ళు విని, మా టీచరమ్మకి ఏమీ రాదనుకోరూ?"

తెగర్ అద్దం వెనక తల వంచుకుని భుజాలు కదిలేలా నవ్వుతున్నాడు. నేను మళ్ళీ మొదటినుంచీ చెప్పాను. ఆయన అయిష్టంగానే హెడ్‌ఫోన్ పెట్టుకున్నారు.

చంద్రుడు నీటిని లాగుతాడు, ఆ వైపు నీరు ఉబ్బుతుంది అంటూ చెప్పుకుంటూ పోయారు. బాగానే ఉంది. తర్వాత ప్రణాళికలో ఉన్న ప్రశ్న వేశాను.

"మరి చంద్రుడు ఇటు లాగితే, భూమికి అటువైపు కూడా నీరు ఎందుకు ఉబ్బుతుంది పాక్? పోటు రోజుకి రెండుసార్లంటారు కదా."

"చాలా సులువు," అన్నారు. గాలిలో వేలితో ఒక గుండ్రం గీశారు. దాని చుట్టూ కోడిగుడ్డు ఆకారం గీశారు. ఒక కొస చూపించారు, రెండో కొస చూపించారు. "చూశావా? ఇదుగో ఇక్కడ. ఇదుగో ఇక్కడ."

స్పీకరులో తెగర్ గొంతు వచ్చింది. "పాక్, క్షమించాలి. చేతులు రికార్డవవు."

"మరి బోర్డు లేకుండా ఎలా చెప్పను?"

"నోటితోనే, పాక్."

ఆయన చేతుల్ని తొడల కింద పెట్టుకుని కూర్చున్నారు. కాసేపు ఆలోచించి, దగ్గరి నీటిని చంద్రుడు ఎక్కువ లాగుతాడనీ, భూమిని కాస్త తక్కువ, అవతలి నీటిని ఇంకా తక్కువ లాగుతాడనీ, అందుకని అవతలి నీరు వెనకబడుతుందనీ చెప్పారు. చెబుతున్నంతసేపూ భుజాలు మెలికలు తిరుగుతూనే ఉన్నాయి. నేను "ఆఁ, ఇప్పుడు అర్థమైంది" అన్నాను.

బయటికి వచ్చాక తెగర్ నన్ను పక్కకి పిలిచాడు.

"బూ, ఒకటి అడగనా? ఆ అర్థమైంది అన్నది నిజంగా అర్థమై అన్నారా? లేక ప్రణాళికలో 'ఇక్కడ బూ వెనింగ్‌కి అర్థమవుతుంది' అని ఉందని అన్నారా?"

"నాకు తెలిసిందే కదా మాస్."

"అయితే నాకు చెప్పండి. నాకు ఎక్కలేదు. లాగేవాడు ఇటుంటే అటు ఎందుకు ఉబ్బాలి?"

నేను చెప్పబోయి, వేలు పైకి లేపాను. గుండ్రం గీసే చెయ్యది. దించేశాను. ఆ చెయ్యి లేకుండా నా దగ్గర ఒక్క మాట కూడా లేదు. ఇన్నేళ్ళూ బోర్డు మీద కోడిగుడ్డు గీస్తే పిల్లలు దాన్ని నోట్సులోకి ఎక్కించుకునేవారు, నేను తుడిచేసేదాన్ని. బొమ్మ కనబడుతున్నంతసేపూ అంతా అర్థమైనట్టే ఉంటుంది. కళ్ళు మూసుకుంటే ఉత్త చీకటి. నాకు తెలుసో, తెలియనట్టు నటిస్తున్నానో, తెలిసినట్టు నటిస్తున్నానో, ఆ సాయంత్రం బండి నడుపుతూ ఎంత ఆలోచించినా తేలలేదు.

మర్నాడు పాక్ హర్సోయో ఇంటికి వెళ్ళి మిరపమొక్కల మధ్య నిలబడి ఆ మాటే చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన నీళ్ళ డబ్బా కింద పెట్టి, "చేతులు కట్టేస్తే నాకూ అలాగే అయింది" అన్నారు. ఆ పూటంతా కూర్చుని మాటలు వెతికాం. చివరికి ముగ్గురు మనుషులు ఒకరి వెనక ఒకరు పరిగెత్తడం అనుకున్నాం. ముందున్నవాణ్ణి గట్టిగా లాగుతున్నారు, మధ్యవాణ్ణి తక్కువ, చివరివాణ్ణి మరీ తక్కువ. ముందువాడు మధ్యవాడికి దూరమవుతాడు, చివరివాడూ దూరమవుతాడు. మధ్యవాడి కళ్ళకి ఇద్దరూ చెరో వైపు జరిగినట్టే ఉంటుంది. అదే రికార్డు చేశాం. ఈసారి తెగర్ తల ఊపాడు. భాగం విడుదలైంది. పిల్లలు బాగుందన్నారు. మాస్టారు నన్ను చూసి "తెలియనట్టు బాగా అడిగావు" అన్నారు. ఇంకా ఆ విషయంలో ఆయనకి కొంచెం కోపమే.

తర్వాత ఉల్ఫతున్ నుంచి గొంతు సందేశం వచ్చింది. సాయుంగ్ పిల్ల. తరగతిలో ఎప్పుడూ గోడ పక్క కూర్చుంటుంది. నేనామె మాట విన్నది తక్కువ.

"అస్సలాము అలైకుం, బూ. మీ పాడ్‌కాస్ట్ విన్నాను, అమ్మ కూడా విన్నది. నాదే పొరపాటు అయ్యుంటుంది, ఏమీ అనుకోకండి. మా ఇంట్లోకి నీళ్ళు రోజుకి ఒకసారే వస్తాయి, బూ. మీరు రెండన్నారని, రెండోది ఎప్పుడొస్తుందో చూద్దామని మెట్టు మీద పొద్దస్తమానం కూర్చున్నాను. రాలేదు. ఒక రోజు కొంచెం పెరిగినట్టే అనిపించింది, కానీ పడవ వెళ్ళినట్టుంది. నాకు చూడటం సరిగ్గా రాలేదేమో. దేన్ని గుర్తుగా పెట్టుకోవాలో చెబుతారా?"

మళ్ళీ విన్నాను. ఆ పిల్ల తన కళ్ళనే తప్పు పట్టుకుంటోంది. రెండో పోటు కోసం రోజంతా మెట్టు మీద కూర్చుని, అది రాకపోతే తనకే చూడటం చేతకాలేదనుకుంది. అలా అనుకునేలా చేసింది ముచ్చటగా చెప్పిన మా పాఠమే.

ఇక్కడే నాకు పూర్తిగా తల తిరిగింది. జావా సముద్రంలో పోటు చాలాచోట్ల దాదాపు రోజుకి ఒకటే. అది నాకు తెలుసు. పై తరగతిలో రేవుల లెక్కలు చెప్పేటప్పుడు ఆ గ్రాఫులు నేనే చూపిస్తాను. కింది తరగతిలో రెండని చెబుతాను. రెండూ ఒకే సముద్రం గురించని నాకు ఎన్నడూ అనిపించలేదు. ఒకటి ఉదయం తరగతి, ఒకటి మధ్యాహ్నం తరగతి.

పాక్ హర్సోయోకి ఆ సందేశం వినిపించాను.

"ఇన్నేళ్ళు చెప్పాను," అన్నారు. "సముద్రం పక్కనే పుట్టిన పిల్లలకే చెప్పాను. ఒక్కరూ అడగలేదేం?"

"అడిగితే మీరేమనేవారు పాక్?"

"కూర్చో అనేవాణ్ణి," అన్నారు. ఆ మాట అన్నాక చొక్కా జేబు తడుముకున్నారు, ఏదో పోయినట్టు.

ఆ పిల్లకి జవాబు రాయబోయాను. ప్రతి వాక్యం రెండో వాక్యాన్ని కొట్టేస్తోంది. నువ్వే సరి అని రాస్తే, మరి ముగ్గురు మనుషులు ఏమయ్యారని అడుగుతుంది. తెగరే మార్గం చెప్పాడు. "అక్కడికే వెళ్ళి రికార్డు చేద్దాం. ఈసారి తెలియనట్టు అడిగేవాళ్ళు అక్కర్లేదు కదా, బూ." వెటకారమో సలహానో ఆనవాలు పట్టలేకపోయాను.

సాయుంగ్‌లో వాళ్ళు నీళ్ళు రాకుండా ఇంటి నేలని ఇప్పటికే చాలాసార్లు మెరక చేసుకున్నారు. తలుపు దాటాలంటే వంగాలి. లోపల నిటారుగా నిలబడితే నా తలకి కప్పు తగిలింది. ఉల్ఫతున్ తల్లి టెంపె అనే పులిసిన సోయా ముక్కల వేపుడు పెట్టింది. నీరు మెట్ల దాకా వచ్చి ఆగి ఉంది. తెగర్ మైకు బల్ల మీద పెట్టి, నీటి చప్పుడు కాసేపు విడిగా పట్టాడు.

ఉల్ఫతున్ మాట్లాడనంది. "నేను తప్పు చెబితే అందరూ వింటారు, బూ."

పాక్ హర్సోయో ఆమె పక్కన చాప మీద కూర్చున్నారు. "నేను తప్పు చెప్పింది అందరూ ఇప్పటికే విన్నారు కదమ్మా. నువ్వు కొత్తగా చేసేదేముంది? అడుగు."

ఆ పిల్ల మైకు వైపు చూడకుండా అడిగింది. "పాక్, రెండో నీళ్ళు ఎక్కడికి పోతాయి?"

ఆయన మొదలుపెట్టారు. చంద్రుడు ఎప్పుడూ భూమధ్యరేఖ మీదే ఉండడనీ, పైకీ కిందికీ జరుగుతుంటాడనీ, అందుకని రెండు ఉబ్బులూ సమానంగా ఉండవనీ చెప్పారు. ఆమె తల్లి నీళ్ళ తొట్టె మోసుకుని వెళుతుంటే ఆపి, దాన్ని మెల్లగా ఊపమన్నారు. తర్వాత గబగబా ఊపమన్నారు. మెల్లగా ఊపినప్పుడు నీరంతా ఒక్కసారిగా అటు లేచి ఆమె చీలమండల మీద పడింది. గబగబా ఊపితే చిన్నచిన్న ముడతలు వచ్చాయి, అంతే.

"మన సముద్రం చుట్టూ నేల ఉంది, లోతు లేదు. పెద్ద తొట్టె. దానికీ ఒక ఊపు ఉంటుంది. రోజుకొకసారి తోస్తే లేస్తుంది. రెండుసార్లు తోస్తే పెద్దగా లేవదు. రెండోది ఉంటుంది, కానీ నలిగిపోతుంది."

"అయితే నేను ఆ రోజు చూసింది?"

"ఏది?"

"కొంచెం పెరిగినట్టనిపించింది. పడవ అనుకున్నాను."

"అది రెండో పోటే కావచ్చు."

"పడవ కూడా అయ్యుండచ్చా?"

"పడవ కూడా అయ్యుండచ్చు," అన్నారు ఆయన. ఎవరూ అడగకుండానే మళ్ళీ అన్నారు. "ఈ తొట్టె లెక్క నాకు పూర్తిగా రాదమ్మా. పుస్తకంలో చూసి నమ్మాను. ఎందుకు ఇక్కడ ఒకటి, దక్షిణాన రెండు, ఏ ఒడ్డు దగ్గర మారుతుంది అంటే నేను చెప్పలేను."

ఇది ప్రణాళికలో లేదు. నేను తెగర్ వైపు చూశాను. అతను ఆపలేదు.

విభాగాధిపతి బూ ఎండా విన్నాక నన్ను పిలిచారు. "మొదటి భాగంలో రెండన్నారు. ఇందులో ఒకటన్నారు, తర్వాత రెండోది ఉంది కానీ కనబడదన్నారు, తర్వాత తెలియదన్నారు. పరీక్షలో పిల్లలు ఏం రాయాలి?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. ముగ్గురు మనుషుల దగ్గర ఆవిడ తల ఊపారు. తొట్టె దగ్గర నుదురు ముడిపడింది. "ఆగండి. మళ్ళీ చెప్పండి," అన్నారు. మళ్ళీ చెప్పాను. కిటికీలోంచి బయటికి చూస్తూ, "మా ఊరు పెకలోంగన్. అక్కడ పోటు రోజుకి ఎన్నిసార్లో నాకు గుర్తు రావడం లేదు," అన్నారు. విడుదల చేయమన్నారో వద్దన్నారో సరిగా చెప్పలేదు. నేను చేయమన్నట్టే తీసుకున్నాను.

ఆ తర్వాత పిల్లల సందేశాలు మొదలయ్యాయి. దక్షిణ తీరంలో చిలచాప్ నుంచి వచ్చి చదువుకునే కుర్రాడు తమ దగ్గర రెండూ గట్టిగానే వస్తాయన్నాడు. మా ఉత్తర తీరంలోనే ఉన్న తుబాన్ అమ్మాయి ఒకటే అంది, కానీ వాళ్ళ తాతయ్య ఏడాదిలో కొన్నాళ్ళు రెండంటాడట. రియావు దీవుల నుంచి ఒకడు తాను ఎప్పుడూ గమనించలేదనీ, సెలవుల్లో వెళ్ళి చూస్తాననీ అన్నాడు. ఉల్ఫతున్ నుంచి మళ్ళీ వచ్చింది. ఈసారి క్షమాపణలు లేవు. నిన్న రెండోది వచ్చిందనీ, పడవలేవీ లేవనీ, మెట్టు మీద తడి ఎంతవరకు వచ్చిందో ఫోటో తీశాననీ చెప్పింది.

పాక్ హర్సోయో ఇప్పుడు పిలవకపోయినా వస్తున్నారు, మామూలు చొక్కాలో. హెడ్‌ఫోన్ పెట్టుకుని, చేతులు తొడల కింద పెట్టుకుని, సందేశాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వింటారు. తుబాన్ తాతయ్య దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ తల ఎత్తుతారు.

"ఇదొక్కటి ఇంకోసారి పెట్టు మాస్," అంటారు. "ఏ నెలలో అన్నాడు?"