నా వణుకు, మునికృష్ణ గీత

నేను ఒక మోటారు బండిని. రోడ్డు మీద బుద్ధిగా పోయే రకం కాదు, రాళ్లూ గుంటలూ దూకడానికి పుట్టిన టూ-స్ట్రోక్ బండిని. అయిదువందల సీసీ, ఒకే పిస్టన్. అంత లావు పిస్టన్ ఒంటరిగా పైకీ కిందికీ కొట్టుకుంటుంటే వణుకు పుట్టక మానదు. అందులో కొంత నా పుట్టుకతో వచ్చింది. మిగతాదంతా మనుషుల పుణ్యం. ఆ సంగతి చెప్పడానికి నోరు లేకపోవడమే నా చిరాకు.

ఎక్కడో విదేశంలో తయారై, ఓడెక్కి, చెన్నైలో ఇద్దరి చేతులు మారి శ్రీకాళహస్తి చేరాను. నన్ను కొన్న మునికృష్ణ కలంకారీ పనివాడు. వారమంతా వెదురు కలంతో గుడ్డ మీద దేవుళ్లను గీస్తాడు, ఆదివారం నన్ను కొండ వెనక వంకలో దూకిస్తాడు. కొన్న వారమే నా ట్యాంకు మీద సన్న కుంచెతో ఒక హంసను గీశాడు. మెడంతా ఎక్కడా ఆగని ఒకే గీత. నేను మురిసిపోయాను.

ఆ ఏడు ఆయుధపూజకు మెకానిక్కు చెంగల్రాయుడు నాకు దిష్టి కట్టాడు. నిమ్మకాయా మిరపకాయలూ ఎవరైనా బండి ముందు కడతారు. ఈయన మాత్రం "అందురి కండ్లూ ఇంజను మీదే గదబ్బా" అని, ఇంజను తలను చట్రానికి పట్టి ఉంచే బోల్టు విప్పి, దాని కింద ఇనుప తీగ రెండు చుట్లు తిప్పి బిగించాడు. తీగ అడ్డముంటే బోల్టు ఎలా కూర్చుంటుంది? ఆ రోజు నుంచి నాకు పూనకమే.

ఇక వైద్యాలు మొదలయ్యాయి. హ్యాండిల్ గొట్టంలో సీసం గుళ్లు నింపారు. పిడులకు మందపాటి రబ్బరు తొడిగారు. కాళ్లు పెట్టే చోట సైకిలు ట్యూబు ముక్కలు చుట్టారు. చివరికి ఇంజనే కిందికి దించారు. దించాలంటే ఆ బోల్టు విప్పాల్సిందే కదా, నా కష్టాలు గట్టెక్కాయనుకున్నాను. చెంగల్రాయుడు తీగను కళ్లకద్దుకుని పక్కన పెట్టాడు.

"ఈసారి ఆ తీగ లేకుండా బిగించి చూస్తామా మేస్త్రీ?" అన్నాడు మునికృష్ణ.

"దిష్టి తీగనా? ఊరుకో సామీ, దాని వల్లే ఈ మాత్రమన్నా నడస్తా ఉండాది."

మళ్లీ అక్కడే, అవే రెండు చుట్లు. ప్రతి అమావాస్యకూ కొత్త నిమ్మకాయ. నాకు ఒళ్లు మండిపోయేది.

మునికృష్ణ వేళ్లకు తిమ్మిరి పట్టుకుంది. మొదట్లో ఆదివారం రాత్రికే తగ్గేది, తర్వాత బుధవారం దాకా ఉండేది. ఒకరోజు పట్టాభిషేకం తెర మీద సీతమ్మ కన్ను గీస్తుంటే కలం జారింది. రెండు నెలల పని పోయింది. భార్య రాజేశ్వరి ఆ గుడ్డ పట్టుకొచ్చి నా ముందు నిలబడి మొగుణ్ణి నిలదీసింది.

"నీకు ఈ బండి కావల్నా, చెయ్యి కావల్నా? ఇప్పుడే చెప్పు."

ఆమె మాటలో తప్పేముంది? ఆ చెయ్యే వాళ్లకు అన్నం పెట్టేది.

నన్ను అమ్మిన రోజు మునికృష్ణ మొదటి హంసకు తోడుగా ఇంకో హంసను గీశాడు. మెడ దగ్గర గీత మూడుచోట్ల అదిరింది. తుడవబోయి, ఎందుకో వదిలేశాడు. దారిలో నాకేమీ కాకూడదని తాజా నిమ్మకాయ మాత్రం మరిచిపోకుండా కట్టి పంపాడు.

కొన్నది కడప దస్తగిరి. ఇంటికి చేరిన పూటే "ఇంజను కాడ ఈ తీగేంది సామీ" అంటూ కత్తిరించి పారేసి, బోల్టు బిగించాడు. రెండు నిమిషాల పని. స్టార్టు చేస్తే వణుకు సగానికి సగం పోయింది. ఆ తీగ పడ్డాక అంత హాయిగా నేనెప్పుడూ తిరగలేదు, అంత ఏడుపూ నాకెప్పుడూ రాలేదు.

దస్తగిరి ట్యాంకు తుడుస్తూ హంసల దగ్గర ఆగాడు.

"ఇది గీసినోడు మొనగాడు. ఆ రెండోది ఎవరో చేతగానోడు గీసినట్టుందే."

రెండూ గీసింది మునికృష్ణే. రెండోదాని మెడలో ఉన్న అదురు నాది.