తాత్కాలిక వంత

పన్ను పీకించుకోవడానికి ఎంకన్నకు సరిగ్గా ఆ పొద్దే దొరికింది. తార్నాకలో డాక్టరు దగ్గర నుంచి బుగ్గలో దూది కుక్కుకుని వచ్చి, నోరు తెరవలేనని సైగ చేశాడు. ముప్పయ్యేళ్లుగా ఉప్పలయ్య నవ్వుల కథలకు అతనే వంత. పక్కన నిలబడి "తర్వాత?" అని అడిగేవాడు లేనిదే ఆ కథ నడవదు.

ఆ రోజే యూనివర్సిటీలో ఎంపిక. పిల్లలకు కథ నేర్పే కొలువు ఒక్కటే ఉంది. జోడీగా ప్రదర్శించాలన్నది నిబంధన. నల్లకుంట పెళ్లిళ్లలో, మాణికేశ్వర్ నగర్ సందుల్లో ఇన్నేళ్లు జనాన్ని నవ్వించిన ఉప్పలయ్యకు, తన కథ ఇంకో నోట వినాలని ఆశ. తంబూర భుజానేసుకుని ఒక్కడే పోయాడు.

వరండాలో కూర్చుని లోపలి మాటలకు చెవి ఒగ్గాడు. ఎంపిక చేసే కాత్యాయని మేడం నవ్వని మనిషని పేరు. వచ్చినవాళ్ల వివరాలు అడిగి రాసుకుంటోంది. జవాబు ముగిసీ ముగియకముందే "తర్వాత?" అంటోంది. ఎంకన్న కూడా అంత తాళంలో పడేవాడు కాదు.

ఉప్పలయ్య వంతు వచ్చింది. గురువెవరని అడిగిందామె.

"మా మేనమామ. పాట నేర్పుమంటే మేకలు కాయమన్నడు."

"తర్వాత?"

తంబూర మీద వేలు పడింది. "మేకలు పాట మరిగినయి. నేను నోరు మూస్తె మేత ముట్టకపోతుండె."

"తర్వాత?"

"మామ మేకలను అమ్మిండు. కొన్నాయన వాటితోటి నన్ను గూడ తోలుకపోయిండు."

"తర్వాత?" కలం ఆగిపోయింది.

"ఆయన బిడ్డనే చేసుకున్న మేడం. మేకలేమో పాడితెనే తింటుండె. నేను పాడితె ఈమె నన్ను తిననియ్యది."

మేడం పక్కన కూర్చుని రాసుకుంటున్న గుమాస్తా శైలజ బల్ల కింద పెన్ను వెతుకుతున్నట్టు వంగి, ఎంతసేపటికీ లేవలేదు.

కాత్యాయని గొంతు సవరించుకుంది. "వివరాలు చాలు. ప్రదర్శన మొదలుపెట్టండి. మీ జోడీ ఏరి?"

ఉప్పలయ్య తంబూర దించాడు. "అయిపోయింది గద మేడం. జోడి మీరే."

ఆమె తను రాసిన కాగితం మొదటి నుంచీ చదువుకుంది. మేకల దగ్గర పెదవి కొస కదిలింది. వంత అన్న గడిలో పొందికగా రాసింది: కాత్యాయని, తాత్కాలికం.

మేడమే వంత పలికిందని, కొలువు దొరికిందని చెబితే ఎంకన్న సంతోషించలేదు. దూది చాటు నుంచి ఒక్కటే అడిగాడు, ఆమె మంచిగ పలికిందా అని.

"నీకంటె మంచిగ," అన్నాడు ఉప్పలయ్య.

ఎంకన్న దూది ఉమ్మేశాడు. "తర్వాత?"