అర్థంకాని కాల్స్

పప్పుకు పోపు వేస్తూ, ఇయర్‌ఫోన్‌లో మా మిషన్‌కు అర్థంకాని కాల్స్ రికార్డింగులు వింటున్నాను. మా ఆయన శ్యాంసుందర్ హనుమకొండలో నడిపే ఆఫీసులో నాది జీతంలేని ఉద్యోగం. "ఇంట్ల కూసొని చేసేదానికి జీతమేందే" అంటాడు. ఈ ఇంట్లో నేను కూర్చోగా చూసినవాళ్లెవరైనా ఉంటే వాళ్లకో దండం.

మాది ఓపెన్ సోర్స్ ఫోన్ సిస్టమ్. ఎవరైనా ఉచితంగా తీసుకుని తమకు కావలసినట్టు మార్చుకోవచ్చు. రైతులు దానికి కాల్ చేసి కేసముద్రం మార్కెట్ ధరలు తెలుసుకుంటారు. ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటే పెద్దవాళ్లు తికమకపడుతున్నారని, నోటితో అడిగితే అర్థం చేసుకునేలా మార్చింది నేను. రకరకాల గొంతులు వినిపిస్తేగాని మిషన్‌కు మాట పట్టుబడదు. శ్యాం మార్కెట్ యార్డుకు వెళ్లి, పట్టా పాసుపుస్తకాలున్న రైతులతో మాట్లాడించి రికార్డు చేసుకొచ్చాడు. వాటిలో ఒక్క ఆడగొంతు లేదు. ఊళ్లకు వెళ్లి ఆడవాళ్లవి నేను తెస్తానన్నాను. "భూమి ఎవరి పేర ఉంటదో ఆళ్లే గదా కాల్ చేసేది. ఆడోళ్లకు ధరతోని ఏం పని?" అన్నాడు. "నువ్వు ఊర్లు పట్టుకొని తిరిగితే ఇంట్ల పొయ్యెవరు ముట్టియ్యాలె?" అంది అత్తమ్మ. కలుపు తీసేదెవరో, పత్తి ఏరేదెవరో వీళ్లకు తెలియదా? అన్నీ తెలుసు. నోరు మూసుకున్నది నేనే.

సర్వీసు మొదలైన రోజు శ్యాంకు శాలువా కప్పారు. "మా ఇంటామె గూడ జర హెల్ప్ చేసింది" అన్నాడు మైకులో. జవాబులు చెప్పే గొంతు కూడా నాదే. బయట ఇంకెవరితోనైనా చెప్పిస్తే పైసలివ్వాలి కదా.

తరువాతి రికార్డింగ్ మొదలైంది. మా అమ్మ. నాన్న పోయాక తొర్రూరు దగ్గర మా చేను ఆమే చేస్తోంది.

"పత్తి ధరెంతున్నదమ్మా?"

"మీ మాట అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి."

అమ్మ మళ్లీ అడిగింది. నా గొంతు మళ్లీ అదే చెప్పింది. అప్పుడు గుర్తుపట్టింది.

"దీపా? నువ్వేనా బిడ్డా? నేను, అమ్మను."

"మీ మాట అర్థం కాలేదు. మళ్లీ చెప్పండి."

తర్వాత మెల్లగా, "పనిల ఉన్నట్టున్నవ్. మంచిది బిడ్డా, మల్ల చేస్త" అని పెట్టేసింది.

నిలబడ్డచోటే ఏడ్చాను. విసుక్కోలేదు మా అమ్మ, తిట్టలేదు. కన్నకూతురు తనను గుర్తుపట్టకపోయినా, పనిలో ఉందిలే అనుకుంది. ఆ గొంతు నాది కాదని ఆమెకు ఏం చెప్పను? నాదే కదా.

స్టవ్ ఆపేసి ల్యాప్‌టాప్, రెండు చీరలు సంచిలో పెట్టుకున్నాను. అన్నానికి ఇంటికొచ్చిన శ్యాం గుమ్మంలో ఆగిపోయాడు.

"ఏడికి పోతానవ్?"

"తొర్రూరు. ఆడవాళ్ల గొంతులు తేవాలె."

"మరి వంట?"

"మీరే వండుకోండ్రి."

"ఎప్పుడొస్తవ్?"

"మా అమ్మ మాట అర్థమైనంక."