కళ్ళు మూసుకునే అరగంట

అమ్మ పోయిన రోజు నా కళ్ళలో చుక్క నీరు రాలేదు. ఇసుక పోసినట్టు మండాయి, అంతే. వచ్చినవాళ్ళకి కుర్చీలు వేసి టీలు అందిస్తున్న నన్ను చూపించి, మా ఆడపడుచు పక్కనున్నామెతో అంది: "టీచరమ్మ కదా, మా వదిన గుండె కూడా నల్లబల్లేనండీ!"

నెల తర్వాత కళ్ళ డాక్టరమ్మ నా కింది రెప్పలో కన్నీరు కొలిచే సన్నటి గీతల కాగితం ముక్క పెట్టింది. ఐదు నిమిషాల్లో మూడు గీతల దాకానే తడిసింది. పదైనా దాటాలట. వెనకబెంచీ పిల్లలకి కూడా నేనింత తక్కువ మార్కులు వేయను. ఆమె చుక్కల మందు రాసిచ్చింది. అత్తగారేమో తనకు తెలిసిన ఆయుర్వేద వైద్యుడి దగ్గరికి పంపారు. ఆయన కళ్ళ చుట్టూ పిండితో గట్టు కట్టి, మందు కాచిన నెయ్యి గోరువెచ్చగా పోశారు. ఒకరి వైద్యం సంగతి ఇంకొకరికి చెప్పలేదు. ఇరవై ఏళ్ళుగా ఇంట్లో ఒకరి మాట ఒకరి చెవిన పడకుండా నెట్టుకొచ్చినదాన్ని. అదే అలవాటు.

నాలుగోసారి కళ్ళ మీద నెయ్యి ఉండగానే ఫోన్ మోగింది. మా ఆయన. "నా నీలం చొక్కా ఎక్కడ పెట్టావ్?" చెప్పాను. ఇంటికెళ్ళి పొయ్యి వెలిగించాను, పరీక్ష పేపర్లు దిద్దాను. అక్షరాలు అలుక్కుపోతుంటే ఆ నెయ్యి జిడ్డు మీదే చుక్కలు వేసుకున్నాను. తెల్లారేసరికి కళ్ళు చింతనిప్పులయ్యాయి.

"నెయ్యి పోయించుకుంటున్నట్టు నాకెందుకు చెప్పలేదు టీచర్ గారూ?" అంది డాక్టరమ్మ.

"తిడతారని."

"ఇప్పుడు మాత్రం ముద్దు పెట్టుకుంటానా!" అంటూనే వైద్యుడికి ఫోన్ చేసింది. చాలాసేపు వాదించుకున్నారు. ఎరుపు తగ్గేదాకా నెయ్యి వద్దు, ఆ తర్వాత పోసిన రోజు చదువూ పొయ్యీ వద్దు అన్నారు. ఒక్క విషయంలో మాత్రం వాదనే లేదు: ఏ మందు వాడినా, బడి నుంచి రాగానే అరగంట కళ్ళు మూసుకుని పడుకోవాలి.

డాక్టరమ్మ ఇదంతా రాసిచ్చిన కాగితం ఫ్రిజ్‌కి అంటించాను. మా ఆయన చదివారు. "బాగానే ఉంది. మరి ఆ అరగంట టీ ఎవరు పెడతారు?"

"మీరు."

హాస్యమనుకుని నవ్వారు. నేను గదిలోకెళ్ళి తలుపు వేసుకున్నాను. అమ్మ పగలు నడుం వాల్చగా నేనెప్పుడూ చూడలేదని, ఆ మంచం మీదే మొదటిసారి తట్టింది.

రెండు నెలలైంది. టీ గిన్నెలు రెండు మాడాయి. కాగితం ముక్క ఆరు గీతల దాకా తడుస్తోంది.

అమ్మ కోసం ఇంకా ఏడవలేదు.