మురుకుల గొట్టంలో శెనక్కాయ క్రీము

నేను ఒక ఇత్తడి మురుకుల గొట్టాన్ని. ఎవరినీ తొందరపడి నమ్మను. అనంతపురంలో ఒక కంచరి నన్ను పోతపోసి, మూతికి నక్షత్రం ఆకారపు చిల్లున్న బిళ్ళ బిగించి, "నూరేళ్ళు పనిచేస్తాదమ్మా" అని ఓబులమ్మకు అంటగట్టాడు. అదే మాట పక్కింటావిడకూ చెప్పాడు, చేతిలో సొట్టబోయిన గొట్టం పెడుతూ. మనుషుల మీద నా అనుమానం అక్కడ మొదలైంది.

ఓబులమ్మ తర్వాత ఆమె కోడలు హంపక్క చేతికొచ్చాను. హంపక్క మురుకులు తినని ఇల్లు ఆ వీధిలో లేదు. తర్వాత హంపక్కకూ కోడలొచ్చింది, చందన. వెంట మిక్సీ, ఓవెను వచ్చాయి. కొడుకేమో నూనె వంటలు ఒంటికి మంచివి కావన్నాడు. నేను అటకెక్కాను. హంపక్క వంటింటి గడపలో కూలబడి, కోడలు ఏ డబ్బా తీసినా మెడ చాచి చూసేది. ఆ ఇంట్లో తన చేతికి పనంటూ మిగల్లేదని ఆమెకు ఒకటే దిగులు.

ఒకరోజు అత్త అలా బయటికి వెళ్ళిందో లేదో, చందన నన్ను దించి చింతపండుతో తోమింది. పండగ కాదు పబ్బం కాదు, ఇత్తడిని ఇంతగా మెరిపించేది అమ్మకానికి కాకపోతే మరెందుకు? వీధిలో పాత సామాన్లవాడి కేక కూడా వినిపించింది. అయిపోయాన్రా దేవుడా అనుకున్నాను.

ఆ పిల్ల మాత్రం వేరుశనగలు వేయించి, పొట్టు చెరిగి, మిక్సీలో వేసి తిప్పుతూనే ఉంది. ఉప్పు లేదు, ఎండుమిరపకాయ లేదు, చుక్క నీళ్ళు లేవు. గింజలు నూనె వదిలి జారుగా అయ్యాక వెన్న, బోలెడు చక్కెర పొడి వేసి గిలక్కొట్టింది. ఇదెక్కడి పచ్చడో! ఆ ముద్దను నాలో కూరింది. చూస్తే పొయ్యి మీద మూకుడు లేదు, ఎదురుగా ఒక కేకు ఉంది. మా వీధి దర్జీ కూతురి పుట్టినరోజుకట, సాయంత్రానికి ఇవ్వాలట. చందనకు అదే మొదటి ఆర్డరు. పళ్ళు బిగబట్టి ఒత్తింది. ముద్ద గట్టిగా ఉండి దిగలేదు.

అంతలో హంపక్క వచ్చింది. వస్తూనే అటక వైపు చూసింది.

"గొట్టం యాడ? అమ్మేసినావు కదూ! నేను గడప దాటితే సాలు!"

"అయ్యో అత్తా, ఈడే ఉండాది చూడు."

హంపక్క నన్ను లాక్కుంది. మూతికంటిన క్రీమును వేలితో తీసి వాసన చూసి, నాలుక మీద పెట్టుకుంది. "శెనక్కాయలే! తియ్యగుండాయే! ఇంగేం కలిపినావు? నిజం చెప్పు."

"వెన్న, చక్కెర. అంతే అత్తా. ఎంత ఒత్తినా దిగల్యా. చెయ్యి పీకుతాంది."

"నీ మొహం! ఇట్లా కలిపితే యాడ దిగుతాది?" అని కసిరి, హంపక్క నాలుగు చుక్కల పాలు పోసి మెదిపింది. రెండు చేతులా నన్ను పట్టి ఒత్తింది. కేకు చుట్టూ పూలదండలా దిగింది క్రీము. ఎన్నాళ్ళకో హంపక్క మొహం విప్పారింది. ఇత్తడికి కన్నీళ్ళుండవు గానీ, నాకు ఏడుపొచ్చినంత పనైంది.

సాయంత్రం దర్జీ భార్య నోరు తెరిచి, "ఈ పూలు ఎవరేసినారమ్మా?" అంది. "మా అత్త" అంది చందన. హంపక్క విననట్టే పెరట్లోకి నడిచి, నన్ను కడిగి తుడిచి, తన ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. నా బతుకు మళ్ళీ చీకట్లోకే అనుకున్నాను.

మర్నాడు చందన వచ్చింది. "అత్తా, ఇంగొకరు కేకు అడిగినారు. గొట్టం ఇస్తావా?"

"ఇయ్యను. నిన్నెట్లా నమ్మేది? గొట్టంతో పనుంటే నన్ను పిలువు. నేనే తెస్తా, నేనే ఒత్తుతా, నేనే తీసుకపోయి పెట్టెలో పెట్టుకుంటా."

"సరే అత్తా" అంది చందన, బుద్ధిగా.

ఆరోజు హంపక్క నన్ను తెచ్చి వంటింట్లో పెట్టి పెరట్లోకి పోయింది. పాలగిన్నె చందన మోచేతి పక్కనే ఉంది. ముందురోజు పాలు పడగానే ముద్ద వదులవడం తన కళ్ళతో చూసింది కూడా. అయినా చుక్క పోయకుండా, ముద్దను మళ్ళీ రాయిలాగే కలిపి, "అత్తా, ఇది దిగేట్టు ల్యా!" అని కేకేసింది. హంపక్క తిట్టుకుంటూ కొంగు బిగించి వచ్చింది. ఇప్పుడు నా అనుమానమంతా చందన మీదే. హంపక్కకు మాత్రం చచ్చినా చెప్పను.